ఎంట్రీ ఫీజు మూడు వేలు

రామాంజులు ట్రాక్టరు చేలో దిగి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో అది చేసిన ఘనకార్యమల్లా రెండు నెలలకో ఆదివారం ఏదో ఒక ఊరికి పందేనికి వెళ్లడం, ఓడిపోయి తిరిగి రావడం. మిగతా రోజులన్నీ ఇంటి ముందర రేకుల నీడలో సేద తీరుతుంది. పొద్దున లేవగానే రామాంజులు మెత్తటి గుడ్డ తీసుకుని దాని బానెట్టు తుడుస్తాడు, టైర్ల సందుల్లో ఇరుక్కున్న రాళ్లను పుల్లతో ఒక్కొక్కటే తీస్తాడు, అమావాస్యకు నిమ్మకాయలు కడతాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మొగుడు తన మొహాన్ని అంత శ్రద్ధగా ఒక్కసారైనా చూసిన జ్ఞాపకం ఆంజినమ్మకు లేదు.

మొహం సంగతి ఆమె ఎప్పుడో వదిలేసింది. ఆమె దిగులంతా గుట్ట కింద ఉన్న నాలుగెకరాల ఎర్రచేను గురించే. పెళ్లప్పుడు ఆమె నాయన పసుపుకుంకుమల కింద రాసిచ్చిన చేను అది. మూడేళ్లుగా బీడు పడి ఉంది. గరిక అల్లుకుపోయి, నేల గట్టిపడి, గడ్డపారేస్తే ఖంగున మోగుతోంది. ఊళ్లో వాళ్ల మేకలు అందులోనే మేస్తాయి. ఆంజినమ్మ మాత్రం పొద్దున్నే సద్ది కట్టుకుని వేరేవాళ్ల చేలల్లో కలుపు తీయడానికి కూలికి పోతుంది. సొంత చేను పక్కనుంచే దారి. అటు వైపు చూడకుండా, కొంగు సర్దుకునే నెపంతో తల తిప్పుకుని నడుస్తుంది. ఈ ఏడు కూడా విత్తనం పడకపోతే దాన్ని చేను అనడం మానేసి గుట్టలో కలిపేయొచ్చు అని ఆమెకు తెలుసు.

"ఏమయ్యా, వానలొచ్చేలోగా ఆ చేను ఒక తూరి దున్నరాదా?" అని అడిగింది, మూడేళ్లలో ఎన్నోసారో.

"అది పందెం బండి మే. చేన్లో దింపితే క్లచ్చి ప్లేట్లు పోతాయి," అన్నాడు రామాంజులు.

"పందెంలో పోవా?"

"పందెంలో పోతే దానికొక మర్యాద ఉండాది."

బాడుగకు పిలుద్దామంటే ఊళ్లో ఉన్న ఎనిమిది ట్రాక్టర్లూ పందెం బండ్లే. కదిరి నుంచి పిలిపిస్తే ఆ గట్టినేలకు పదహారు వేలవుతుందన్నారు. పదహారు వేలుంటే ఆంజినమ్మ కూలికి ఎందుకు పోతుంది?

నల్లమాడ చుట్టుపక్కల ఈ ట్రాక్టరు పందేల పిచ్చి ఎక్కించిన పుణ్యాత్ముడు పక్క ఊరి చంద్రమోహన్. ముప్పై ఎకరాల ఆసామి, ఒకప్పుడు ఎంపీటీసీ, ఇప్పటికీ అలాగే నడుస్తాడు. మొదట్లో ట్రాక్టర్లతో కూడా ఎడ్ల పందెంలో మాదిరి బండలే లాగించేవారు. చంద్రమోహన్ దాన్ని మార్చాడు. "బండ ఎడ్లు లాగుతాయప్పా. ట్రాక్టరన్నాక భూమినే లాగాల," అని మైకులో ప్రకటించాడు. అప్పట్నుంచీ పందెమంటే ఇదీ: మడక అనే పెద్ద ఇనుప నాగలి, దాని మీద కట్టిన రెండు గుండ్లు, ముగ్గుపిండితో గీసిన పట్టీలు. ఒక్కో బండికి ఒక్కో పట్టీ. పావుగంటలో జానెడు లోతు తగ్గకుండా ఎవరు ఎక్కువ సాళ్లు తోలితే వాళ్లు గెలిచినట్టు. ఎంట్రీ ఫీజు రెండున్నర వేలు. ఓడినవాళ్లకు మర్యాదగా ఒక శాలువా కప్పుతారు. రామాంజులు ఇంట్లో అలాంటి శాలువాలు పంతొమ్మిది ఉన్నాయి. రెండు తలుపులకు తెరలయ్యాయి, ఒకటి నీళ్ల కుండ కింద చుట్టకుదురైంది, మిగతావాటిని కప్పుకునేంత చలి ఈ సీమలో ఎప్పుడూ పడదు.

ఉగాది వెళ్లిన మూడో ఆదివారం చంద్రమోహన్ చేలో పందెం. అక్కడ మధ్యాహ్నం భోజనాలు కూడా పెడతారని విని రామాంజులు తల్లి బయమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని చెయ్యి పట్టి నడిపించడానికి ఆంజినమ్మ కూడా పోవాల్సి వచ్చింది. ఆమె పందెం చూడటం అదే మొదలు.

మగవాళ్లందరూ ట్రాక్టర్లను చూస్తున్నారు. పొగ గొట్టాలను, ముందు చక్రాలు పైకి లేవడాన్ని చూసి ఈలలు వేస్తున్నారు. ఏళ్ల తరబడి వంగి కలుపు తీసిన మనిషి గనక ఆంజినమ్మ కళ్లు నేల మీదికే పోయాయి. నలభై బండ్లు ఒకదాని పక్కనొకటి తోలుకుంటూ పోతుంటే, పొద్దున కట్టెలా ఉన్న నేల మధ్యాహ్నానికి తిరగబడి మెత్తగా ఎర్రగా పడుకుంది. గరిక వేర్లు తెల్లగా పైకి తేలి ఎండకు వాడిపోతున్నాయి. వెనకాలే గోరింకలు పురుగులు ఏరుకుంటున్నాయి. ఇంత మంచి దుక్కి ఆమె ఈ మధ్య కాలంలో చూడలేదు.

భోజనాల దగ్గర చంద్రమోహన్ పక్కగా పోతుంటే పలకరించింది.

"అన్నా, ఈ చేను ఎవురిది?"

"నాదే."

"పోయినేడు పందెం యాడ పెట్టింటిరి?"

"ఆ పక్క చేన్లో."

"దాంట్లో ఏం పంటొచ్చె?"

"కంది. బాగా వచ్చిండె," అని, చంద్రమోహన్ ఆగి ఆమెను కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "ఏం చదువుకున్నావమ్మా?"

"ఐదు."

"మంచిదైంది. ఇంగ రెండేండ్లు చదివింటే నా కొంప మునుగుతాండె."

ఆయనకు సిగ్గేమీ వేయలేదు. పక్కకు పిలిచి, ఇంటల్లుడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "నేనెవురినీ నా చేను దున్నండప్పా అని పిల్చలేదు. పిల్చింటే గంటకు వెయ్యిన్నర అడుగుతారు, రేపు రా ఎల్లుండి రా అంటారు. పందెం అన్నా. తెల్లారకముందే వచ్చి నిలబడినారు. డీజిల్ వాళ్లదే, ఫీజు వాళ్లదే, ఈలలు వాళ్లవే."

"ప్రైజు దుడ్లు?"

"విత్తనాల అంగడాయప్ప ఇచ్చినాడు. ఫ్లెక్సీలో నా పక్కన ఆయప్ప ఫోటో వేసినా."

"అయితే ఫీజు దుడ్లు?"

చంద్రమోహన్ గొంతు సవరించుకున్నాడు. "భోజనం చెయ్యమ్మా, అన్నం అయిపోతాది," అని వెళ్లిపోయాడు.

నలభై రెండున్నరలు లక్ష. ఆ లెక్క ఆంజినమ్మకు వేళ్ల మీదే తేలింది. సాయంత్రం మొగుడు ఇరవయ్యో శాలువాతో ట్రాక్టరు దిగుతుంటే ఆమెకు కోపం వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. కోపానికి ఖాళీ లేదు. ఆమె బుర్రలో అప్పటికే గుట్ట కింద చేను పట్టీలుగా గీసేసి ఉంది. ఇరవై నాలుగు పట్టీలు పడతాయి.

పందేల్లో మైకు పట్టుకునేదీ, సాళ్లు ఎంచేదీ, లోతు కొలిచేదీ అంతా మద్దిలేటి. గుర్తులు గీసిన ఇనుప కడ్డీ ఒకటి ఎప్పుడూ చంకలో ఉంటుంది. మనిషి న్యాయస్తుడు, సొంత బావమరిదినే లోతు చాల్లేదని రెండుసార్లు ఔట్ చేసినవాడు. ఆంజినమ్మ అతని దగ్గరికి వెళ్లి, మా చేలో పందెం పెడుతున్నానప్పా, పాపం అందరూ మనవాళ్లే, ఫీజు వద్దు, ఊరికే రమ్మని చెప్పు అంది. అతను ఫోన్లన్నిటికీ వార్త పంపాడు. వారం గడిచినా ఒక్క బండివాడూ పేరు ఇయ్యలేదు.

"ఫీజు ల్యాని పందేనికి ఎవురొస్తారక్కా," అన్నాడు మద్దిలేటి. "ఊరికే వచ్చి తోలిపోతే అది పందెమా, కూలిపనా?"

ఆంజినమ్మ ఇతనికి కూడా తెలిసిపోయిందా అని మొహంలోకి చూసింది. ఏమీ లేదు, మద్దిలేటి మనసులో ఉన్నమాటే చెబుతున్నాడు.

"చంద్రమోహనన్న ఎంత పెట్టినాడు?"

"రెండున్నర."

"మనది మూడు వేలు అని చెప్పు."

ఆ సాయంత్రం నుంచి మద్దిలేటి ఫోను మోగుతూనే ఉంది. మూడు వేల పందెమంటే పెద్ద పందెమే అయ్యుంటుందని తనకల్లు నుంచి కూడా అడిగారట. మొదటి బహుమతి పాతిక వేలు, రెండోది పదిహేను, మూడోది పది అని ప్రకటించేసింది ఆంజినమ్మ. ఆ డబ్బు వచ్చే ఫీజుల్లోంచే రావాలి. మైకు, షామియానా, మజ్జిగ, మడకల బాడుగ అన్నీ పోగా చేతిలో మిగిలేదేమీ ఉండదు, పోనీ, ఆమెకు కావలసింది మిగులు కాదు. కానీ చివరి నిమిషంలో బండ్లు తగ్గితే మాత్రం మెడలో ఉన్న బంగారు గుండ్లు అమ్మి బహుమతులు ఇయ్యాలి. ఆ వారమంతా నిద్రలో కూడా ఆమె చెయ్యి మెడ మీదే ఉంది.

ఫ్లెక్సీ కోసం కదిరిలో సందీప్ అంగడికి అత్త ఫోటో పంపింది. ఇంటి పెద్ద కదా, ఆమె పేరు మీద పెడదామనుకుంది. పందేల ఫ్లెక్సీలన్నీ వేసేది సందీపే. వాటన్నిటికీ కంప్యూటర్లో ఒకటే అచ్చు ఉంటుంది, ఎందుకంటే ఈ చుట్టుపక్కల పోయినవాళ్ల పేరు మీద తప్ప ఎవరూ పందెం పెట్టరు. అతను పేరు మార్చాడు, ఫోటో మార్చాడు, మిగతాది ముట్టుకోలేదు. పన్నెండడుగుల ఫ్లెక్సీ ఊరి మొదట్లో లేచింది. పైన "కీ.శే. బయమ్మ గారి జ్ఞాపకార్థం" అని పెద్ద అక్షరాలు. కింద దండ వేసిన బయమ్మ ఫోటో, పక్కన వెలుగుతున్న దీపం.

ఆంజినమ్మ దాన్ని దింపించేలోగానే బయమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి దాని ముందు నిలబడింది. చదువు రాదు, ఫోటో మాత్రం చాలాసేపు చూసింది.

"దండ ఏంది ఇంత సన్నగా ఏసినారు?" అంది చివరికి. "దుడ్లు ఇయ్యలేదా వానికి?"

దాన్ని దింపనియ్యలేదు. పందెం దాకా ఉన్న నాలుగు రోజులూ పక్క ఊళ్ల నుంచి వచ్చిపోయేవాళ్లు ఇంటి ముందు ఆగి పరామర్శించబోయి, అరుగు మీద వక్కాకు నములుతున్న బయమ్మను చూసి, మంచినీళ్లు అడిగి తాగి పోయారు.

ఇక రామాంజులు. పెళ్లాం పందెం పెడుతోందని తెలిసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు వచ్చి మూడు వేలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంట్లో మనిషివి, నీకెందుకయ్యా ఫీజు?" అంది.

"ఫీజు కట్టకుండా దిగినాడు అని ఎర్రన్న అంటాడు. రసీదు రాసియ్యి."

ఎర్రన్న పులగంపల్లివాడు, మూడేళ్లుగా ఎక్కడికి వెళ్లినా బహుమతి అతనిదే. ఆంజినమ్మ రసీదు రాసిచ్చింది. ఆ మూడు వేలు ఎక్కడివని అడిగితే కొట్టంలో మేక ఒకటి తక్కువైన సంగతి బయటపడుతుందని ఆమెకు తెలుసు, అందుకని అడగలేదు.

పందెం రోజు పొద్దున్నే ఆరింటికే ఇరవై నాలుగు బండ్లు వరుసగా నిలబడ్డాయి. ఆంజినమ్మ వాటిని మూడుసార్లు ఎంచి, అప్పుడు మెడ మీద నుంచి చెయ్యి తీసింది. ముఖ్య అతిథిగా చంద్రమోహన్ వచ్చాడు. కారు దిగి ముందు చేను చుట్టూ చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"చేను బాగుండాదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మనిద్దరం నోరు మూసుకుంటే మనిద్దరికీ మంచిది."

ఎవరికి ఏ పట్టీ అని చీటీలు తీయడానికి బయమ్మను కూర్చోబెట్టారు. కీర్తిశేషురాలు స్వయంగా చీటీలు తీసిన పందెం అదొక్కటే అయ్యుండాలి. రెండు మడకలు, ఒకసారికి రెండు బండ్లు. సున్నపు గీతల మధ్య ట్రాక్టర్లు అరుచుకుంటూ పోతుంటే మూడేళ్ల బీడు పెళ్లలు పెళ్లలుగా లేచింది. కొన్ని బండ్లు ముక్కు పైకెత్తి ఆగిపోయాయి, కొన్నిటికి లోతు చాల్లేదని మద్దిలేటి కడ్డీ చూపించి సాలు కొట్టేశాడు. ఎర్రన్న ఎనిమిదిన్నర సాళ్లు తోలాడు. జనం ఇక అయిపోయిందనుకున్నారు.

అప్పుడు రామాంజులు దిగాడు. చివరి పట్టీ. మొదటి సాలు సగానికి రాగానే ఆంజినమ్మ షామియానా కింద నుంచి లేచి నిలబడింది. ఇదివరకు అతను ఓడిపోవడం ఆమె చూసింది ఒక్కసారే గానీ, ఊళ్లోవాళ్లు చెప్పగా విన్నది, ఎప్పుడూ తొందరపడి గేరు మార్చి చెడగొట్టుకుంటాడని. ఇవాళ అతను తొందరపడలేదు. ఈ చేను అతనికి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఎడ్లతో దున్నిన చేను ఇది. ఎక్కడ నేల బిగుస్తుందో, ఎక్కడ ఇసుక కలుస్తుందో అతని చేతులు మరిచిపోలేదు. బిగుసుకునే చోటికి రాకముందే వేగం తగ్గిస్తున్నాడు, దాటగానే పెంచుతున్నాడు. ఆమె సాళ్లు ఎంచుతోంది. ఆరు. ఏడు. ఎనిమిది. మద్దిలేటి ఈల వేసే క్షణానికి తొమ్మిదో సాలు చివర మడక గీత దాటింది.

రామాంజులు బండి మీద నుంచి దిగి ఎవరి వైపూ చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత షామియానా వైపు చూసి నవ్వాడు. పెళ్లినాటి నుంచి ఇప్పటిదాకా ఆ నవ్వు ఆంజినమ్మ చూడలేదు.

మద్దిలేటి మైకు దగ్గరికి పోతుంటే ఎర్రన్న అడ్డం వచ్చాడు.

"ఏమప్పా మద్దిలేటీ, నువ్వే చెప్పు. చేను ఆయప్పది. చీటీ తీసింది ఆయప్ప అమ్మ. ప్రైజు ఇచ్చేది ఆయప్ప పెండ్లాము. ఇంగ మేము ఎందుకొచ్చినాం, మజ్జిగ తాగేకా?"

ఇరవై రెండు మంది ఓడినవాళ్లకు ఒక్కసారిగా ఆ మాట సబబుగా తోచింది. మళ్లీ తోలాలన్నారు. ఊరికే అక్కర్లేదు, తలా ఐదు వందలు మళ్లీ కడతామన్నారు. మద్దిలేటి కడ్డీ నేలలో గుచ్చి, "తొమ్మిది సాళ్లు, నా కండ్లతో చూసినా. లోతు సరిపోయింది. నా లెక్కన ఆయప్పే గెలిచినాడు. కానీ పందెం పెట్టిన మనిషి ఆయమ్మ. ఆయమ్మ ఏమంటే అది," అన్నాడు.

అందరూ ఆంజినమ్మ వైపు తిరిగారు. మైకు ఆమె చేతికొచ్చింది.

ఆమె మొగుణ్ని చూసింది. అతను చిన్నపిల్లాడిలా, అడగకుండానే దొరుకుతుందన్న నమ్మకంతో నిలబడి ఉన్నాడు. తర్వాత చేను చూసింది. నిలువునా దున్నిన నేల. పెద్ద పెద్ద పెళ్లలు. ఓడిపోయినవాళ్లు సగంలో వదిలిన పట్టీల మధ్య ఇంకా బీడు గీతలు గీతలుగా మిగిలిపోయి, గరిక పచ్చగా నిక్కి చూస్తోంది. ఈ మిగిలిన గరిక చాలు, రెండు వానలకు చేనంతా మళ్లీ అల్లుకుపోతుంది.

పక్క కుర్చీలోంచి చంద్రమోహన్ తల తిప్పకుండా గొణిగాడు. "అడ్డంగా గూడా పడితే ఇరువాలు దుక్కి అయితాది. పెళ్ల మిగలదు, గరిక మిగలదు. నీ ఇష్టమమ్మా."

ఆ మాట ఆయన చెప్పనక్కర్లేదు. ఆమె లోపల అది అప్పటికే ఉంది. మొగుడు గెలిచాడని ఒక్క మాట అంటే చాలు, అది నిజం కూడా. ఆ మాట అంటే బండ్లన్నీ ఇప్పుడే ఇళ్లకు పోతాయి. అనకపోతే నాలుగెకరాలూ విత్తనానికి తయారవుతాయి. ఇంత దగ్గరికి వచ్చిన చేనును ఆమె వదులుకోలేకపోయింది.

"మళ్లా తోలండి," అంది మైకులో. ఆమె గొంతు ఆమెకే పరాయిదిలా వినిపించింది. "ఈ తూరి అడ్డంగా."

రామాంజులు మొహంలోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. ఎండ తగ్గాక మూడున్నరకు మళ్లీ మొదలుపెట్టారు. పొద్దు గూకే వేళకు చేనంతా పిండిలా అయింది. ఎర్రన్న గెలిచాడు. రామాంజులు రెండో సాలులోనే తొందరపడి గేరు మార్చాడు, ఆ తర్వాత తోలడం కూడా మానేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఓడినవాళ్లకు శాలువాలు కప్పేటప్పుడు అతని వంతు వచ్చింది. ఆంజినమ్మ శాలువా విప్పింది. అతను అది ఆమె చేతిలోంచి తీసుకుని, తనే భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి బయమ్మ ఒక్కతే సంతోషంగా అన్నం తింది.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. పెట్టింది తినేవాడు, లేచిపోయేవాడు. ట్రాక్టరును కూడా తుడవడం మానేశాడు, అది చూసే ఆంజినమ్మకు నిజంగా భయం వేసింది. తిట్టినా బాగుండేది. దుమ్ముపట్టిన బానెట్టును ఒకరోజు ఆమే తుడిచింది. అతను చూశాడు, చూసి లోపలికి పోయాడు. తప్పు చేశానా అని ఆమె చేను దగ్గరికి వెళ్లి నిలబడేది. మెత్తటి దుక్కి చూడగానే తప్పు చేయలేదనిపించేది. ఇంటికి రాగానే మళ్లీ చేశాననిపించేది.

జూన్ మూడో వారంలో రెండు రోజులు వాన పడింది. ఊళ్లో మిగతా చేలల మీద నుంచి నీళ్లు ఎర్రగా వంకలోకి పారిపోయాయి. గుట్ట కింద చేను మాత్రం పడిన చినుకును పడినట్టే మింగేసింది, గట్టు దాటి ఒక్క చుక్క బయటికి పోలేదు. మూడో రోజు పదును కుదిరింది. ఆంజినమ్మ వేరుశనగ విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని తెల్లవారగానే చేనికి పోయింది. విత్తనం వేసే గొర్రు ఎవరినడగాలో ఇంకా తేల్చుకోలేదు. ఎవరూ ఇవ్వకపోతే గుంతలు తీసి చేత్తో అయినా పెడదామనుకుంది.

గట్టు మీద కూర్చుని మూట విప్పుతుంటే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. రామాంజులు వస్తున్నాడు, భుజాన పందెం నాటి శాలువా. వెనక విత్తనాల గొర్రు తగిలించి ఉంది. చేను మొదట్లో బండి ఆపాడు గానీ దిగలేదు. కాసేపు నేలను చూశాడు.

"ఎందుకు అడ్డంగా తోలమన్నావో వాన పడినంక తెలిసె నాకి," అన్నాడు.

ఆమె విప్పిన మూటను మళ్లీ ముడేసింది.

"నేను గెలిచింటి గదా?"

"గెలిచినావు. తొమ్మిది సాళ్లు. నేను ఎంచినా."

"మరి?"

"నాకి చేను కావల్సి వచ్చె," అంది ఆంజినమ్మ. ఇంకోలా చెప్పాలని చూసింది గానీ వేరే మాట దొరకలేదు.

రామాంజులు ఇంజన్ ఆపేశాడు. "మైకులో చెప్పలేదు నువ్వు. ఇరవై నాలుగు బండ్లోళ్లు నిలబడుండారు, నేను నిలబడుండా, చెప్పలేదు. ఇప్పుడు చెప్పు."

"ఈడ ఎవురుండారయ్యా?"

"నేనుండా."

అతను నవ్వులాటకు అనడం లేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, చెప్పేదాకా కదలనన్నట్టు కూర్చున్నాడు. ఆంజినమ్మ చుట్టూ చూసింది. గుట్ట, తడిసిన చేను, దూరంగా దారి. ఎవరూ లేరు. అయినా ఆమెకు సిగ్గేసింది. ఎందుకంటే చెప్పాల్సిన దాంట్లో అతని పేరుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ పేరు ఆమె నోట రాలేదు. ఓటరు లిస్టుకు వచ్చినవాళ్లకు పక్కింటామెతో చెప్పించింది, రేషన్ కార్డుకు, అప్పుడు ఇంట్లోనే ఉన్న కొడుకుతో చెప్పించింది, మొన్నటి రసీదులో కూడా "బయమ్మ కొడుకు" అనే రాసింది.

లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది.

"గుట్ట కింద చేన్లో జరిగిన పందెంలో," అంది గట్టిగా. "తొమ్మిది సాళ్లు తోలి, మొదటి బహుమతి గెలిచినోడు..."

అక్కడ ఆగింది. అతను వేచి ఉన్నాడు.

"రామాంజులు," అంది.

రామాంజులు తల దించుకున్నాడు. శాలువా కొసతో మొహం తుడుచుకున్నాడు, కాస్త ఎక్కువసేపే. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి గొర్రు నేలకు దించాడు.

"విత్తనం పొయ్యి మే," అన్నాడు. "పదును పోతాది."

ఆమె మూట ఎత్తుకుని గొర్రు దగ్గరికి నడిచింది.